కత్తెరమ్మ కుడి భుజం

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు. కత్తెరమ్మ అంటే మాత్రం కూరగాయల కొట్టావిడ దగ్గర్నుంచి మందుల షాపాయన దాకా అందరూ వేలు చూపించేస్తారు: "అదిగో, ఆ నీలం తలుపు." లోపల మూడు కుర్చీలు, వాటి ఎదురుగా నిలువెత్తు అద్దాలు, మూలన తల కడిగే తొట్టి, కిటికీ కింద కబుర్లకి ఒక బెంచీ. ఆడవాళ్ళకి మాత్రమే. పెళ్ళి కాకముందు ఇంకొకరి దగ్గర రాలిన జుట్టు ఊడ్చే పనికి చేరి, చూసి చూసి నేర్చుకుని, ఆఖరికి సొంతంగా పెట్టుకున్న గది అది.

ఆవిడకి నోరు కాస్త పెద్దదే. చెయ్యి మాత్రం మహా తేలిక. అరిచి గీపెట్టే పసిపిల్లలు కూడా ఆవిడ చేతి కింద తల వంచుకుని కునుకు తీస్తారు.

ఈ పనిలో చెయ్యి కిందికి దిగడమన్నది తక్కువ. ఎడమ చేత్తో దువ్వెన పట్టుకుని జుట్టు పైకి లాగాలి, కుడి చేత్తో కత్తెర ఆడించాలి. అది అయ్యాక జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ గాల్లో పట్టుకు నిలబడాలి. పట్టుకున్న కాసేపట్లోనే అది ఇటుకంత బరువెక్కుతుంది. ఇన్నేళ్ళూ ఆ సంగతే పట్టించుకోని కత్తెరమ్మకి, యాభై దాటాక కుడి భుజం తానొకటి ఉన్నానని గుర్తు చెయ్యడం మొదలుపెట్టింది. మొదట పై అరలోంచి తువ్వాలు తీస్తుంటే చురుక్కుమంది. తరవాత ఆ పక్కకి తిరిగి పడుకోనివ్వలేదు. కొన్నాళ్ళకి రవిక చేతులు తొడుక్కోవడమే పెద్ద యుద్ధమైపోయింది. ఒక రోజు డ్రయ్యర్ పట్టుకున్న చెయ్యి ఉన్నట్టుండి వదులైపోయి, అది కాస్తా కుర్చీలో కూచున్న బ్యాంకు ఉద్యోగిని ఒళ్ళో పడింది. ఆవిడకి ఏమీ కాలేదు గానీ, కత్తెరమ్మకి ముచ్చెమటలు పోశాయి.

"ఇంక నీ మాట వినను, పద ఆస్పత్రికి," అన్నాడు మొగుడు.

ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు. నెమ్మదస్తుడు. పిల్లల్ని ఎక్కించుకున్నామా, దింపామా, ఎవరితోనూ మాట పట్టింపు లేకుండా ఇంటికొచ్చామా, అంతే ఆయన లెక్క. పెళ్ళానికి నొప్పి వస్తే మాత్రం ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడవు.

పెద్దాస్పత్రిలో స్కాను తీయించి, ఎముకల డాక్టరు గది బయట చాలాసేపు కూచున్నాక లోపలికి పిలిచారు. డాక్టరుకి చేతి నిండా పని, ఒక చెవి ఫోనుకే అంకితం. స్కాను బొమ్మ వెలుగులో పెట్టి చూసి, కత్తెరమ్మ వైపు కాకుండా మొగుడి వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

"చూడండి, ఆవిడకి భుజంలో కండరం చిరిగింది. ఎముకకి అంటుకునే చోట. సర్జరీ చేసేద్దాం. చిన్న చిన్న రంధ్రాలే, పెద్ద కోత కూడా ఉండదు. మర్నాడు ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చు."

"నొప్పి ఎక్కడుందో చూపించనా డాక్టరుగారూ?" అంది కత్తెరమ్మ.

"స్కాన్‌లో కనపడుతోంది కదమ్మా," అన్నాడు ఆయన చిరునవ్వుతో. మళ్ళీ మొగుడి వైపు తిరిగి, "డేటు చూసుకుని ఫోన్ చెయ్యండి," అన్నాడు.

అంతే. చెయ్యి ఎత్తమనలేదు, దించమనలేదు. ఏం పని చేస్తావని అడగలేదు. బయటికొచ్చాక కత్తెరమ్మ గోడకి జేరబడి నిలబడింది.

"ఆయన నా భుజం ముట్టుకోనేలేదండీ," అంది.

"స్కానులో చూశాడుగా."

"స్కానుకి నొప్పెట్టట్లేదు. నాకు నొప్పెడుతోంది."

మొగుడు మాట మార్చి టీ తాగుదామా అన్నాడు.

ఆ మర్నాటి నుంచి ఆ భుజం కత్తెరమ్మది కాకుండా పోయింది. వీధి సొత్తయిపోయింది. బెంచీ మీద కూచున్న ప్రతి మనిషికీ దాని మీద ఒక అభిప్రాయం. "చేయించేసుకో, నాన్చకు," అంది ఒకావిడ. "అమ్మో, కత్తి పెట్టనివ్వకు, మా పిన్నత్తగారు చెయ్యి పైకెత్తలేక అలాగే పోయింది," అంది ఇంకొకావిడ. పిన్నత్తగారు పోయింది భుజం వల్లా, వేరే జబ్బు వల్లా అని అడిగితే ఆవిడకే సరిగ్గా తెలీదు. మందుల షాపాయన ఏదో నూనె సీసా చేతిలో పెట్టాడు. ఒక కాలేజీ అమ్మాయి ఫోనులో ఆపరేషన్ వీడియో పెట్టి చూపించబోతే, కత్తెరమ్మ ఆ ఫోను తిప్పి బల్ల మీద బోర్లా పెట్టేసింది.

అందరికన్నా గట్టిగా పట్టుకున్నవాడు బావగారు. మొగుడికి అన్న. ఆయన రంగుల దుకాణంలో మేనేజరు. పదిమందిలో గొంతు పెంచి మాట్లాడటం అలవాటు. ఆయన భార్యకి, అంటే కత్తెరమ్మ తోడికోడలికి, ఆ ముందు సంవత్సరమే అదే భుజానికి అదే ఆస్పత్రిలో ఆపరేషన్ అయింది. ఆదివారం ఇద్దరూ వచ్చి కూచున్నారు.

"ఇందులో ఆలోచించేదేముంది?" అన్నాడు బావగారు కుర్చీలో వెనక్కి వాలి. "మీ అక్కని చూడు. నిక్షేపంలా ఉంది. ఏం, ఎలా ఉంది నీ చెయ్యి?"

అక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని కూచుని, "బాగానే ఉంది," అంది.

"బాగానే ఏంటి, బ్రహ్మాండంగా ఉందని చెప్పు! ఆ డాక్టరు చెయ్యి అలాంటిది. మా దుకాణానికొచ్చే వాళ్ళకి కూడా ఆయన పేరే చెప్తున్నాను."

అక్క నవ్వింది. ఆ నవ్వు కత్తెరమ్మకి ఎందుకో సరిగ్గా అతకలేదు. కానీ అక్క ఎప్పుడూ అంతే. ఎవరేమన్నా నవ్వి ఊరుకునే మనిషి. పోనీ, అంత నిమ్మళంగా ఉన్న మనిషి కళ్ళ ముందు ఉంటే తనకెందుకీ భయం అనుకుంది. ఆపరేషన్‌కి మనసు సగం ఒప్పుకున్నట్టే అయింది.

ఆ మిగతా సగం ఒప్పుకునేలోగా ఒక ఘోరం జరిగింది. కత్తెరమ్మ దృష్టిలో అది ఘోరమే. మధ్యాహ్నం ఎవరికో తల కడుగుతుంటే బావగారు ఫోన్ చేశాడు. స్పీకరులో పెట్టింది.

"శుభం! డేటు ఖాయమైందటగా, తమ్ముడు చెప్పాడు. వచ్చే వారమేనట. అక్కని తోడు పంపిస్తాలే, నువ్వేం కంగారు పడకు."

తొట్టిలో నీళ్ళు ధారగా పోతూనే ఉన్నాయి. కత్తెరమ్మ కుళాయి కట్టెయ్యడం కూడా మర్చిపోయింది. బెంచీ మీదున్నవాళ్ళు ఫోను వైపు తిరిగారు.

ఆ సాయంత్రం మొగుడు వ్యాను తాళం మేకుకి తగిలిస్తూండగానే అడిగింది.

"ఏమండీ, నా భుజానికి డేటు ఎవరిచ్చారు?"

"ఆస్పత్రి వాళ్ళే ఫోన్ చేశారు... ఖాళీ ఉంది, ఇప్పుడు చెప్పకపోతే ఇంకో నెల పడుతుందన్నారు. సరే అన్నాను."

"మీ పన్ను పీకడానికి నేను రోజు నిర్ణయించేసి, మీరు ఇంటికొచ్చేసరికి ఊరందరికీ చెప్పేస్తే ఊరుకుంటారా? కోసేది నన్ను. పడుకోవాల్సింది నేను. లేచాక కత్తెర పట్టుకోవాల్సింది నేను. ఒక్క మాట నన్ను అడగాలనిపించలేదూ?"

"అరవకే. నీ మంచికేగా."

"నా మంచి నాకు తెలీదా? నేనేమైనా పాలు తాగే పిల్లనా?"

ఆయన మంచం అంచున కూచుండిపోయాడు. నేల వైపు చూస్తూ అన్నాడు. "నిద్రలో మూలుగుతున్నావు. వినలేకపోతున్నాను. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసేస్తే బాగుణ్ణనిపించింది."

కత్తెరమ్మకి ఆయన మీద జాలేసింది. జాలేసినంత మాత్రాన కోపం పోలేదు. ఆవేళ భోజనం సయించలేదు.

డేటు ఇంకా నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం గది ఖాళీగా ఉన్న వేళ తోడికోడలు వచ్చింది. జుట్టు కురచగా కత్తిరించెయ్యమంది.

"ఎందుకక్కా? ఇంత ఒత్తు జుట్టు! నీకు దీని మీద ఎంత మోజో నాకు తెలీదా?"

"ఏమో, విసుగేస్తోంది. తీసెయ్."

కుర్చీలో కూచోబెట్టి జడ విప్పింది కత్తెరమ్మ. ఎడమ పక్కన నున్నగా దువ్వి ఉంది. తల వెనక, కుడి వైపు, దువ్వెన వెళ్ళి ఎన్నాళ్ళైందో! లోపల జుట్టు ఉండలు కట్టి, చిక్కుపడి ఉంది. పైపైన నాలుగు పాయలు ఈవలికి లాగి కప్పేసి ఉంది. కత్తెరమ్మ అద్దంలో ఆవిడ మొహం చూసింది.

"అక్కా, చెయ్యి వెనక్కి వెళ్ళట్లేదా?"

అక్క అద్దంలోంచి కళ్ళు దించేసుకుంది.

"ఒకసారి పైకెత్తు."

ఎత్తింది. మోచెయ్యి భుజం ఎత్తుకి కూడా రాకుండానే ఆగిపోయింది. మొహం ఒక్కసారి బిగుసుకుని, చెయ్యి మళ్ళీ ఒళ్ళో పడింది.

"బిగుసుకుపోయింది," అంది అక్క చిన్నగా. "కుట్టడం బాగానే కుట్టారట. తరవాత రోజూ కసరత్తు చేయించుకోడానికి రమ్మన్నారు. కొన్నిసార్లు వెళ్ళాను. తీసుకెళ్ళేవాళ్ళు ఉండొద్దూ? 'ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంకా ఏంటీ తిరుగుళ్ళు' అన్నారు మీ బావగారు. ఊరుకున్నాను. ఎడమ చేత్తోనే నెట్టుకొస్తున్నాను."

"మరి ఆదివారం బాగుందన్నావే!"

"అందరి ముందూ ఆయన అలా అడిగితే ఏమంటాను? అంత ఖర్చు పెట్టించి, ఇంకా నొప్పే అంటే నా లోపమే అన్నట్టు చూస్తారు. మొదట ఒకసారి బాగుందన్నాను, ఇక అక్కణ్ణుంచి అదే అనాల్సొచ్చింది. నీకు చెబుదామనే వచ్చాను. నోరు రాలేదు. జుట్టు కత్తిరించమన్నాను."

కత్తెరమ్మ చేతిలో దువ్వెన బల్ల మీదికి విసిరికొట్టింది. అది జారి కింద పడింది.

"ఒక మనిషి నొప్పిని నొక్కేసి, దాన్ని దుకాణంలో పదిమందికీ గొప్పగా అమ్ముతున్నాడన్నమాట! ఆ మాట విని నేను ఆపరేషన్ బల్లెక్కేసేదాన్ని. ఇంకెంతమంది ఎక్కారో! అక్కా, నీ మీదా నాకు కోపంగానే ఉంది. నాతో కూడా అబద్ధం చెప్పావు కదా?"

"చెప్పాను," అంది అక్క. ఏడవడం మొదలుపెట్టింది.

కత్తెరమ్మ తలుపు గడియ పెట్టేసింది. ఆ జుట్టు కత్తిరించలేదు. పక్కన కూచుని, నూనె రాసి, తన భుజం సలుపుతున్నా సరే, ఒక్కో చిక్కూ వేళ్ళతో విడదీసింది. తనూ ఏడ్చింది, మధ్యమధ్య బావగారిని తిట్టింది. చిక్కులన్నీ పోయాక గట్టిగా జడ అల్లి, "పద," అంది.

"ఎక్కడికి?"

"ఆ డాక్టరు దగ్గరికి."

మొగుడు వ్యానులో పిల్లల్ని దింపి వస్తూ దారిలో వీళ్ళిద్దరినీ చూసి ఆపాడు. విషయం విన్నాడు. తలుపు తీసి ఎక్కించుకున్నాడు.

డాక్టరు ఈసారి కూడా అలవాటు కొద్దీ మొగుడి వైపు తిరగబోయాడు. మొగుడు కుర్చీ ఒక అడుగు వెనక్కి జరుపుకుని, "ఆవిడతో మాట్లాడండి సార్," అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన అన్న మాటలన్నిటిలోనూ కత్తెరమ్మకి నచ్చిన మాట అదే అయుండాలి.

"నేను జుట్టు కత్తిరిస్తాను," అంది కత్తెరమ్మ. "రోజంతా చెయ్యి గాల్లోనే ఉంటుంది. ఆపరేషన్ చేయించుకుంటే మళ్ళీ ఎప్పటికి ఎత్తగలను?"

డాక్టరు ఫోను పక్కన పెట్టాడు. "కొన్ని వారాలు చెయ్యి మెడకి కట్టుకుని ఉండాలి. తరవాత మెల్లగా కదిలించాలి. మీరు చెప్పే పనికి నెలలే పడుతుంది."

"నెలలా? మర్నాడు ఇంటికెళ్ళిపోవచ్చన్నారు!"

"ఇంటికి వెళ్ళొచ్చమ్మా. పనికి వెళ్ళొచ్చనలేదు."

కత్తెరమ్మకి చిర్రెత్తుకొచ్చింది. తమాయించుకుంది.

"నొప్పి పూర్తిగా పోతుందా?"

"చాలామందికి బాగా తగ్గుతుంది. అందరికీ అని చెప్పలేను. కొందరికి భుజం బిగుసుకుంటుంది." అక్క వైపు ఒక చూపు చూశాడు, గుర్తుపట్టినట్టు లేదు. "తరవాత వ్యాయామం సరిగ్గా చెయ్యాలి. అది ఆపరేషన్ అంత ముఖ్యం."

"చేయించుకోకపోతే ఏమవుతుంది?"

ఆయన స్కాను మళ్ళీ తీసి చూశాడు. ఈసారి లేచి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని పైకీ పక్కకీ తిప్పి, ఎక్కడ నొప్పో అడిగాడు. తన అరచేతిని ఎదురుపెట్టి నెట్టమన్నాడు.

"బలం ఉంది," అన్నాడు కూచుంటూ. "కండరం పూర్తిగా తెగలేదు. దెబ్బ తగిలి చిరిగిందీ కాదు, వాడి వాడి అరిగింది. ఇలాంటిదానికి ముందు కొన్ని నెలలు వ్యాయామం చేయించి చూడొచ్చు. చాలామందికి దాంతోనే సర్దుకుంటుంది. సర్దుకోకపోయినా, చిరుగు పెరిగినా, అప్పుడు సర్జరీ చేద్దాం. తొందరేం లేదు."

"మరి ఈ ముక్క ఆవేళ ఎందుకు చెప్పలేదండీ?" అంది కత్తెరమ్మ.

"మీరు అడగలేదు కదమ్మా."

"నేను అడగలేదా!" అని లేచి నిలబడింది. "నా దగ్గరికొచ్చినావిడని కత్తెర పెట్టేముందు ఎంత తియ్యమంటారని అడుగుతాను డాక్టరుగారూ. అది మళ్ళీ పెరిగే జుట్టు! తెలిసినవాళ్ళు మీరు. తెలీనివాళ్ళం మేము. ఏమడగాలో కూడా తెలీకపోతే ఎలా అడుగుతాం? మీరేమో స్కానుతో మాట్లాడారు, మా ఆయనతో మాట్లాడారు. భుజం మాత్రం నా దగ్గర ఉండిపోయింది."

డాక్టరు మొహం ఎర్రబడింది. "బయట ఇంకా చాలామంది ఉన్నారమ్మా," అన్నాడు. అది కసురుకోవడమో, క్షమాపణో తేలలేదు. కానీ చీటీ రాసేముందు తలెత్తి ఆవిడనే చూసి, "ఇప్పుడు ఏం చేద్దామంటారు?" అని అడిగాడు.

"వ్యాయామం చేస్తాను. డేటు తీసెయ్యండి. ఇదిగో, మా అక్కకి మీరే చేశారు. ఆవిడ చెయ్యి కూడా చూడండి. చూడకుండా కదలం."

చూశాడు. ఆపరేషన్ తరవాత బిగుసుకుపోయిన భుజం అది, ఆలస్యమైనా కసరత్తుతో కొంతవరకు వదులవుతుంది, పూర్తిగా రాకపోవచ్చని చెప్పాడు. ఆ చివరి ముక్క విని కత్తెరమ్మకి మళ్ళీ ఒళ్ళు మండింది గానీ, అక్క మాత్రం ఎవరో పెద్ద బరువు దించినట్టు నిట్టూర్చింది. తన నొప్పి నిజమేనని ఒక డాక్టరు నోటి నుంచి వినడం ఆవిడకి అదే మొదలు.

ఆ వారం బావగారు రయ్యిమని వచ్చాడు. "డాక్టరుతో గొడవ పెట్టుకున్నావటగా! పెద్దాయన మాట అంటే లెక్కలేదా?" అని వీధి గుమ్మంలోనే మొదలుపెట్టాడు. కత్తెరమ్మ నోరు తెరిచేలోగా, వెనకాలే వచ్చిన అక్క ముందుకొచ్చి నిలబడింది.

"నా చెయ్యి ఇంతవరకే లేస్తుంది," అని ఎత్తి చూపించింది. "ఇంతే. మీరు దుకాణంలో చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పండి. రేపట్నుంచి కసరత్తుకి వెళ్తున్నాను. మరిదిగారు వ్యానులో దింపుతానన్నారు."

బావగారు ఆ చెయ్యి వైపు చూశాడు. "నాకెప్పుడు చెప్పావ్?" అన్నాడు చివరికి.

"చెప్పనిచ్చారా?" అంది అక్క.

ఆయన కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. చాలా రోజులు తమ్ముడితో మాటల్లేవు. తరవాత తనే మెల్లగా కలిశాడు గానీ, తప్పైపోయిందని మాత్రం ఎవరితోనూ అనలేదు.

కసరత్తు నేర్పే గది ఆస్పత్రి వెనక భాగంలో ఉంది. గోడకి కట్టిన రబ్బరు పట్టీలు, కప్పీ మీంచి వేలాడే తాళ్ళు, చిన్న చిన్న బరువులు. అక్కడి అమ్మాయి ఓపికస్తురాలే గానీ, చెప్పింది చెయ్యకపోతే వదలదు. తోడికోడళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడి పట్టీలు లాగేవాళ్ళు. మొదట్లో నొప్పి ఎక్కువే అయింది. "ఆపరేషనే నయమేమో," అని కత్తెరమ్మ చాలాసార్లు అనుకుంది. ఎవరి మాటా వినకుండా తానే తేల్చుకున్న సంగతి, తప్పని తేలితే ఎవర్నీ తిట్టడానికి కూడా ఉండదు కదా అని భయపడింది. ఆ భయం మొగుడికి కూడా చెప్పలేదు.

గదిలో పని తీరు మార్చింది. కుర్చీలు బాగా కిందికి దించుకునేవి కొంది. డ్రయ్యర్‌కి గోడ నుంచి ఒక ఇనప చెయ్యి బిగించుకుంది. పొడుగాటి జుట్టు ఆరబెట్టే పనికి ఒక అమ్మాయిని పెట్టుకుంది. వానలు వెళ్ళి చలి వచ్చేసరికి కుడి పక్కకి తిరిగి పడుకోగలిగింది. పై అరలో తువ్వాలు అందుతోంది. బరువు మాత్రం పైకెత్తలేదు, రోజు చివర సలుపు వస్తుంది. అక్క చెయ్యి భుజం దాటి కొంచెం పైకొచ్చింది. తల వెనక దాకా ఇంకా వెళ్ళదు. వారానికోసారి వచ్చి ఇక్కడే జడ వేయించుకుంటుంది.

బెంచీ మీద వాళ్ళు ఇప్పుడు సలహాకి కత్తెరమ్మనే అడుగుతున్నారు. మోకాలి వాళ్ళు, నడుము వాళ్ళు కూడా. "చేయించుకోమంటావా, వద్దంటావా?" అని ఎవరైనా అడిగితే ఆవిడకి మళ్ళీ మంట పుడుతుంది.

"నన్నడుగుతావేంటి? నేను డాక్టర్నా? నీ మోకాలు నాకేం తెలుసు?" అని కసురుతుంది. "వెళ్ళి ఆయన్నే అడుగు. చేస్తే ఏమవుతుంది, చెయ్యకపోతే ఏమవుతుంది, నేను మళ్ళీ ఎప్పుడు నిలబడతాను, ఇంకో దారి ఉందా అని అడుగు. చెప్పేదాకా లేవకు. చెప్పాక నువ్వే ఆలోచించుకో. ఇంటికొచ్చి మీ బావగార్ని అడక్కు."

"నువ్వు రేపు చేయించుకోవాల్సొస్తేనో?" అంది మొన్నొకావిడ.

"వస్తే చేయించుకుంటాను. నేను కత్తికి భయపడి మానుకోలేదు," అంది కత్తెరమ్మ, ఆవిడ తల కాస్త ముందుకి వంచుతూ. "కదలకు. ఎంత తియ్యమంటావ్?"